గూడ్సు పెట్టెతో మొదలైన జీవితం: జాషువా లయొనెల్ కోవెన్

మన విద్యార్థి సంఘం కార్యదర్శి ఆమధ్య మా ఇంటికి వచ్చి, ఈ ఏటి సావనీరుకి ఎవరైనా ప్రసిద్ధుని జీవితం గురించి నాలుగు పేజీలు వ్రాసి ఇవ్వమని అడిగాడు. ఒప్పుకున్నాను గాని, అతను వెళ్ళిపోయాక ఆలోచనలో పడ్డాను. రామన్ గారి గురించి, విశ్వేశ్వరయ్య గారి గురించి, మేడం క్యూరీ గురించి మన సావనీర్లలో ఎంతోమంది వ్రాశారు. నేనూ ఒకసారి వ్రాశాను. ఈ కాలేజీలోనే చదివి, ఈ కాలేజీలోనే ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు పాఠం చెప్పి రిటైరయినవాణ్ణి. కాబట్టి మళ్ళీ అలాంటి పెద్దల గురించే వ్రాస్తానని మీరు అనుకోవడం సహజం. ఈసారి మాత్రం ఒక బొమ్మల వ్యాపారి గురించి వ్రాయబోతున్నాను. అప్పుడే నవ్వకండి. కడదాకా చదివి, అప్పటికీ నవ్వు వస్తే నవ్వండి.

ముందు నా సంగతి కాస్త చెప్పాలి. లేకపోతే అమెరికాలో బొమ్మ రైళ్ళు చేసినాయన నాకేమవుతాడో మీకు బోధపడదు.

మాది తనకల్లు. ఇదివరకు అనంతపురం జిల్లా, 2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీ సత్యసాయి జిల్లా. ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాలకు పోయే రైలు మా ప్రాంతం మీదుగానే పోతుంది. ఇప్పుడది బ్రాడ్ గేజి. మా చిన్నప్పుడు మీటర్ గేజి, అనగా రెండు పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు ఎడం. ఆవిరి ఇంజను పొగ చిమ్ముకుంటూ వచ్చేది. పిల్లలందరికీ ప్యాసింజరు బండి మీద మోజు. నాకు మాత్రం గూడ్సు బండి అంటే ప్రాణం. ప్యాసింజరు బండికి ఎప్పుడూ అవే పెట్టెలు. గూడ్సు బండి అట్లా కాదు. ఈరోజు ఇరవై పెట్టెలుంటే రేపు ముప్ఫై. ఒకటి మూసినది, ఒకటి తెరిచినది, ఒకటి నూనె తొట్టి. చివర గార్డు డబ్బా. కట్ట మీద కూర్చుని పెట్టెలు లెక్కపెట్టేవాళ్ళం. బండి పోయాక ఎవరి లెక్క ఒప్పని చీకటి పడేదాకా తగవులాడుకునేవాళ్ళం.

మా నాయన ఏటా శెనక్కాయల మూటలు ఎద్దుల బండి మీద కదిరికి తోలుకుపోయేవాడు. ఒక ఏడాది నన్ను గూడా వెంట తీసుకుపోయాడు. మూటలు మండీలో దిగాయి. సాయంత్రం స్టేషన్ దగ్గర హమాలీలు అలాంటి మూటలే గూడ్సు పెట్టెలోకి ఎత్తుతుంటే చూశాను. వాటిలో మావి ఉన్నాయో లేవో నాకు తెలియదు. ఉన్నాయనే నమ్మాను. తలుపు మూశారు, సీలు వేశారు, పెట్టె వెళ్ళిపోయింది. మా చేనులో పుట్టినది మేమెన్నడూ చూడని వూరికి పోతున్నదన్న ఆశ్చర్యం నాకు చాలా రోజులు తీరలేదు. ఇంటికి వచ్చాక అగ్గిపెట్టెలు దారంతో వరసగా కట్టి, జొన్నదంటు బెండు కోసి చక్రాలు చేసి, నా సొంత గూడ్సు బండి తయారుచేశాను. ఒక పెట్టె తక్కువైతే పొయ్యి దగ్గరున్న నిండు అగ్గిపెట్టె తీసుకుని, పుల్లలన్నీ బూడిదలో పోశాను. మా జేజి ఆ రాత్రి పొయ్యి ముట్టించబోయి నిప్పు దొరకక పొరుగింటికి పోవలసివచ్చింది. నా వీపు పేలిందని వేరే చెప్పనక్కరలేదు. మర్నాడు ఆ బండి మొత్తం పొయ్యిలోకి పోయింది.

అందుచేత, చిన్నతనంలో రైలు బొమ్మ చేయబోయి వంటిల్లు పాడుచేసిన మరొక పిల్లవాడి కథ చదివినప్పుడు నాకు చుట్టం దొరికినట్టయింది. ఆయనే జాషువా లయొనెల్ కోవెన్.

కోవెన్ 1877 ఆగస్టు 25న న్యూయార్కులో పుట్టాడు. తల్లిదండ్రులు వలస వచ్చిన యూదులు. తండ్రి టోపీల తయారీలో ఉండేవాడు. తొమ్మిదిమంది పిల్లల్లో ఇతను ఎనిమిదోవాడు. ఇంటిపేరు అప్పటికి కోహెన్. 1910లో దాన్ని కోవెన్ అని మార్చుకున్నాడు. ఏడేళ్ళ వయసులో చెక్కతో ఒక రైలింజను చెక్కి, దానిలో చిన్న ఆవిరి యంత్రం బిగించబోతే అది పేలి వంటింటి గోడ పాడయిందని చెబుతారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. కోవెన్ తన గురించి తాను చెప్పుకున్న కథలు చెప్పిన ప్రతిసారీ కొంచెం మారేవి, కొంచెం పెరిగేవి. వ్యాపారి గదా! అంచేత ఆయన చరిత్ర వ్రాసినవాళ్ళు ఆ కథలను కాస్త జాగ్రత్తగానే తీసుకున్నారు. మనమూ అట్లాగే తీసుకుందాం.

చదువు ఆయనకు నిలకడగా సాగలేదు. సిటీ కాలేజీలో చేరి మానేశాడు, కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి అదీ మానేశాడు. విద్యార్థి మిత్రులు దీన్ని ఆదర్శంగా తీసుకోవద్దని మనవి. చదువు మానేసినా చేతులు ఖాళీగా ఉంచలేదు. విద్యుత్ దీపాల కంపెనీలో పనిచేశాడు. ఆ రోజుల్లో ఫొటోగ్రాఫర్లు వెలుతురు కోసం ఒక పొడి అంటించేవారు. దాన్ని విద్యుత్తుతో అంటించే సాధనానికి 1899లో పేటెంటు పొందాడు. అది చూసి అమెరికా నౌకాదళం వారు సముద్రంలో పెట్టే మందుపాతరలకు 24,000 ఫ్యూజులు చేసిపెట్టమన్నారు. ఆ డబ్బే పెట్టుబడి. 1900 సెప్టెంబరులో ఒక మిత్రునితో కలిసి తన పేరులోని నడిమి మాట పెట్టి లయొనెల్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ తెరిచాడు. కంపెనీ అయితే తెరిచాడు గాని, ఏమి తయారుచేయాలో అప్పటికి తేలలేదు.

ఇక్కడే మన గూడ్సు పెట్టె ప్రవేశిస్తుంది.

న్యూయార్కులో ఒక దుకాణం ముందు నిలబడి అద్దంలో సరుకు చూస్తుండగా ఆయనకు ఒక ఆలోచన వచ్చిందట. కదలకుండా పడివున్న సరుకు ఎవరి కంటికీ ఆనదు. అదే సరుకు కదులుతూ ఉంటే? అప్పటికే తన దగ్గర పంకాకు చేసిన చిన్న మోటారు ఒకటి ఉంది. మూతలేని చెక్కపెట్టె ఒకటి తీసుకుని, దాని అడుగున ఆ మోటారు బిగించి, నాలుగు చక్రాలు పెట్టి, గుండ్రంగా వేసిన పట్టాల మీద నిలబెట్టాడు. పేరు ఎలక్ట్రిక్ ఎక్స్‌ప్రెస్. పేరుకు ఎక్స్‌ప్రెస్సే గాని, రూపానికి అది ఇంజను లేని, కప్పు లేని గూడ్సు పెట్టె. అది ఆట కోసం చేసింది కాదు. దుకాణదారు ఆ పెట్టెలో తన సరుకు పెట్టి అద్దం వెనుక తిప్పుకోవాలని చేసినది. ఒక దుకాణదారు నాలుగు డాలర్లకు కొన్నాడు. మరుసటి రోజే తిరిగి వచ్చాడు. జనం ఆగి చూస్తున్నారు, లోపలికి వస్తున్నారు, కానీ సరుకు అడగడంలేదు, ఆ పెట్టె ఎంతకిస్తావని అడుగుతున్నారు. ఇంకో ఆరు కావాలన్నాడు.

నాకు ఈ ఘట్టం ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరదు. మోయడానికి పుట్టినది మోసే సరుకుకన్నా ముద్దయిపోయింది. ఒక మహా వ్యాపారమంతా ఆ పొరపాటు నుంచి పుట్టింది. ఇంజను తరువాత వచ్చింది, ప్రయాణికుల పెట్టెలు తరువాత వచ్చాయి. మొదట వచ్చింది గూడ్సు పెట్టె.

తరువాతి యాభై ఏళ్ళ కథ వివరంగా చెప్పాలంటే ఈ సావనీరు చాలదు. ముఖ్యమైనవి చెబుతాను. 1906లో కోవెన్ తన పట్టాలను మార్చేశాడు. రెండు పట్టాల బదులు మూడు. బయటి రెండూ ఒక ధ్రువం, నడిమిది రెండో ధ్రువం. ఇందులో ఫిజిక్సు చూడండి. రెండు పట్టాల ఏర్పాటులో ఒకదాంట్లో నుంచి కరెంటు వచ్చి రెండోదాంట్లో నుంచి తిరిగి పోతుంది. లైను ఒక చుట్టు తిరిగి తననే కలుసుకుంటే కుడి పట్టా ఎడమ పట్టాకు తగిలి షార్టు అవుతుంది. నడిమి పట్టా పెడితే కుడి, ఎడమ రెండూ ఒకటే. ఎట్లా తిప్పినా భయంలేదు. పదేళ్ళ పిల్లవాడు గూడా ఎవరినీ అడగకుండా లైను వేసుకోవచ్చు. ఇంకో చమత్కారం. ఆ పట్టాల వెడల్పు అప్పటికి బజారులో ఉన్న ఏ కొలతకూ సరిపడదు. అయినా దానికి స్టాండర్డ్ గేజి అని పేరు పెట్టాడు. దాంతో తక్కిన కంపెనీల కొలతలన్నీ స్టాండర్డ్ కానివన్నట్టు తేలిపోయాయి! 1915లో మరికాస్త చిన్నదైన ఓ గేజి చేపట్టాడు. చివరికి అదే నిలబడింది.

1935లో ఆయన బొమ్మ రైళ్ళకు కూత వచ్చింది. ఇదీ క్లాసులో చెప్పదగిన పాఠమే. పట్టాల్లో పారేది ఏసీ. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మీట నొక్కితే ఆ ఏసీకి కొంత డీసీ తోడవుతుంది. ఇంజను వెనుక బొగ్గు డబ్బాలో ఉన్న రిలే ఏసీకి పలకదు, డీసీ తగలగానే పలుకుతుంది. వెంటనే లోపలి చిన్న పంకా తిరిగి గాలిని గొట్టాల్లోంచి తోస్తుంది. వేరే తీగ లేకుండా, అదే పట్టాల మీద, గదికి ఈ మూల నుంచి ఆ మూలకు ఒక ఆజ్ఞ పంపడమన్నమాట. నేను ఈ ఉదాహరణ చెప్పిన రోజున వెనుక బెంచీలవాళ్ళు గూడా తలెత్తేవారు.

కష్టాలు రాలేదని కాదు. 1929 తరువాత వచ్చిన ఆర్థికమాంద్యంలో బొమ్మ రైలు ఎవరు కొంటారు? 1934లో కంపెనీ అప్పుల కింద రిసీవరు చేతుల్లోకి పోయింది. ఆ ఏడాది మిక్కీ మౌసు, మిన్నీ మౌసు ఎదురెదురుగా నిలబడి చేతులతో తోసుకునే చిన్న తోపుడు బండి ఒక డాలరుకు పెట్టారు. క్రిస్మసు నాటికి 2,53,000 అమ్ముడుపోయాయి. ఎలుక బండి కంపెనీని ఒడ్డుకు చేర్చిందని అప్పట్లో పత్రికలు వ్రాశాయి. ఆ ఒక్కదానివల్లే ఒడ్డున పడ్డారనడం అతిశయోక్తి. కొత్తగా తెచ్చిన పెద్ద రైళ్ళు గూడా బాగానే అమ్ముడుపోయాయి. ఏమైనా మరుసటి ఏడాదికి కంపెనీ మళ్ళీ కోవెన్ చేతికి వచ్చింది. 1942లో యుద్ధం కారణంగా బొమ్మలు ఆపి నౌకాదళానికి దిక్సూచులు వగైరా చేశారు. యుద్ధం ముగిశాక పొగ చిమ్మే ఇంజనుతో తిరిగి వచ్చారు. 1950ల మొదట్లో లయొనెల్ ప్రపంచంలోనే అతిపెద్ద బొమ్మల కంపెనీ అని చెప్పేవారు.

ఇప్పుడు నా అభిమాన విషయానికి వస్తాను. ఇంజన్లను చూసి మురిసేవాళ్ళు మురవనీ. యుద్ధం తరువాతి లయొనెల్ గొప్పంతా గూడ్సు పెట్టెల్లో ఉంది. 1947లో పాల పెట్టె వచ్చింది. మీట నొక్కితే తలుపు తెరుచుకుని, తెల్లకోటు మనిషి ఒక్కొక్క పాలక్యాను ప్లాటుఫారం మీదికి తోస్తాడు. లోపల ఉన్నది సోలినాయిడ్, అంటే మన లేబొరేటరీలో కనబడే తీగచుట్టే. 1949లో పశువుల పెట్టె. పళ్ళెం సన్నగా కంపిస్తే చిన్న చిన్న ఆవులు వాటంతట అవే నడిచి దొడ్లోకి పోయి మళ్ళీ పెట్టెలోకి వస్తాయి. 1958లో అణుధార్మిక వ్యర్థాలు మోసే పెట్టె, దాని మీద మిణుకు మిణుకుమనే దీపాలు. 1959లో చేపల తొట్టి పెట్టె. 1960లో జిరాఫీ పెట్టె. దాని తల కప్పు దాటి పైకి ఉంటుంది, పట్టాల మీద వేలాడే అడ్డం దగ్గరికి రాగానే టక్కున వంగుతుంది. 1961లో టంకశాల పెట్టె, కిటికీలోంచి బంగారు కడ్డీలు కనబడతాయి. అప్పటికి అమెరికాలో నిజంగా ఏది భయమో, ఏది ఆశో, ఏది వేడుకో, అన్నీ ఆ పెట్టెల్లోకి ఎక్కాయి.

వీటి పక్కనే వ్యాపార ప్రకటనల పెట్టెలు. సునోకో నూనె తొట్టి, బేబీ రూత్ మిఠాయి పేరున్న పెట్టె, ఇట్లా. మొదటి పెట్టె వేరొకరి సరుకుకు ప్రకటనగా పుట్టింది గదా, ఆ వాసన పోలేదు.

అన్నిటికన్నా విచిత్రమైనది 1957 నాటి సంగతి. అంతదాకా లయొనెల్ ప్రకటనలన్నీ మగపిల్లలకూ వాళ్ళ తండ్రులకే. రైలు కొనివ్వు, నీ కొడుక్కి స్నేహితుడివవు, అన్నదే వాటి సారాంశం. ఆడపిల్లలు ఉంటే ఏ మూలనో నిలబడి చూస్తుండేవారు. వాళ్ళకూ అమ్మాలన్న ఆలోచన ఆలస్యంగా వచ్చి, గులాబీ రంగు ఇంజను, లేత పసుపు పెట్టె, లేత ఊదా రంగు పెట్టె, ఆకాశనీలం గార్డు డబ్బాతో ఒక గూడ్సు బండి తయారుచేశారు. ఎవరూ కొనలేదు. కారణం చాలా తేలిక. రైలంటే ఇష్టమున్న ఆడపిల్లకు గూడా అసలు రైలులాంటి నల్ల ఇంజనే కావాలి. ఆ మాట వాళ్ళనే అడిగివుంటే తెలిసేది, ఎవరూ అడిగినట్టు లేదు. ఈ వాక్యం మన విద్యార్థినులకు ప్రత్యేకంగా వ్రాస్తున్నాను. ఇంతకూ ఆనాడు దుకాణాల్లో దుమ్ముకొట్టుకుపోయిన ఆ గులాబీ బండి కోసం ఈనాడు సేకర్తలు పెద్ద మొత్తాలు పోస్తున్నారు. అందరూ కొన్నది అందరింట్లో ఉంటుంది. ఎవరూ కొననిదే అపురూపమవుతుంది.

కోవెన్ చివరి రోజులు అంత వెలుగుగా లేవు. అమెరికాలో రోడ్లు పెరిగాయి, విమానాలు పెరిగాయి, పిల్లల చూపు రైళ్ళ మీద నుంచి మళ్ళింది. 1959లో ఆయన తన వాటాలను తన బంధువైన రాయ్ కోన్ అనే ప్రసిద్ధ న్యాయవాది వర్గానికి అమ్మేశాడు. 1965 సెప్టెంబరు 8న ఫ్లారిడాలో కన్నుమూశాడు. వయసు 88. కంపెనీ ఆ తరువాత చాలా చేతులు మారింది గాని, ఆయన పేరుతో బొమ్మ రైళ్ళు ఇప్పటికీ తయారవుతున్నాయి.

వ్యాపారం తగ్గుతున్న రోజుల్లోనే సేకర్తలు మొదలయ్యారు. 1954లో అమెరికాలో ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్ పుట్టింది. ఏటేటా వాళ్ళ మహాసభకు ఒక జ్ఞాపకపు గూడ్సు పెట్టె వేయించుకునే ఆచారం వచ్చింది. 1965 పిట్స్‌బర్గ్ సభకు వేసిన పెట్టె కోవెన్ పోయిన ఏటిది. ఆ తరువాత ఊరికొక పెట్టె, సంఘానికొక పెట్టె, వార్షికోత్సవానికొక పెట్టె. ఇంజనుకు ఇంత స్థలం లేదు. గూడ్సు పెట్టెకు రెండు వైపులా చదునైన గోడ ఉంది, ఏమైనా వ్రాసుకోవచ్చు. మన సావనీరు అట్ట మీద ఏడాది వేసుకున్నట్టే.

ఇదంతా దొరల వేడుక అనుకోకండి. గ్వాలియరు మహారాజు మాధవరావు సింధియా భోజనాల బల్ల మీద తిరగడానికి ఇంగ్లండులో బాసెట్ లోక్ కంపెనీ చేత 1906లో వెండి రైలు చేయించుకున్నాడు. అదీ గూడ్సు బండే. పెట్టెల్లో అతిథులకు పానీయాలు, చుట్టలు వస్తాయి. ఎవరైనా సీసా ఎత్తితే బండి ఆగుతుంది, తిరిగి పెడితే కదులుతుంది. మన హైదరాబాదులో మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సంగతి తెలిసినదే. 1889లో పుట్టి, 1912 నుంచి 1914 వరకు నిజాముకు ప్రధానిగా ఉండి, ఆ పదవి వదిలాక 1949లో పోయేదాకా వస్తువులు సేకరిస్తూనే ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు, అయినా ఆయన సేకరణలో పిల్లల బొమ్మలు చేరాయి. 1951 డిసెంబరులో ఆ సేకరణ మ్యూజియంగా తెరిచారు. అప్పటినుంచి ఎవరి పిల్లలైనా వెళ్ళి చూడవచ్చు. మూసిన గదుల్లో ఉన్నది పదిమంది పిల్లల ముందుకు వచ్చింది. నా దృష్టిలో ఆ సేకరణకు సార్థకత అప్పుడే వచ్చింది.

ఇక నా తప్పు ఒప్పుకోవాలి.

నేనూ సేకర్తనే. జీతపు రాళ్ళలో మిగిల్చుకుని, విదేశాలకు వెళ్ళిన పాత విద్యార్థులను బతిమాలుకుని, పదకొండు పెట్టెలు కూడబెట్టాను. అన్నీ అల్మైరాలో, అట్టపెట్టె విప్పకుండా. విప్పితే విలువ పోతుందని సేకర్తల సూత్రం. నాలుగేళ్ళ క్రితం ఒక శిష్యుడు జిరాఫీ పెట్టె పంపాడు. ఈ మధ్య కాలంలో మళ్ళీ వేసినదే, అపురూపమేమీ కాదు. అయినా దాన్నీ విప్పలేదు. మొన్న వేసవిలో తనకల్లు నుంచి మా చెల్లెలి మనవడు వచ్చాడు. ఎనిమిదేళ్ళవాడు. అల్మైరా తెరిచి ఒక్కొక్క అట్ట చూపించాను. వాడు ఓపిగ్గా చూసి, తాతా, వీటిలో ఏది మన వూరి మీద పోయింది అని అడిగాడు.

నాకు జవాబు లేకపోయింది. సునోకో నూనె తొట్టి ఉంది, న్యూయార్కు పాల పెట్టె ఉంది. కదిరిలో శెనక్కాయలు ఎత్తిన మీటర్ గేజి పెట్టె లేదు. పాకాల లైనును బ్రాడ్ గేజి చేసేటప్పుడు ఆ పాత పెట్టెలు ఎటుపోయాయో నేను కనుక్కోలేదు. అప్పుడు కెమెరా నా చేతిలో ఉంది, ఒక్క ఫొటో గూడా తీయలేదు. ఎక్కడో సముద్రాల అవతలి పెట్టెల సంవత్సరాలు కంఠతా వచ్చు. నేను కట్ట మీద కూర్చుని లెక్కపెట్టిన పెట్టెల కొలత మాత్రం రాదు. మా నాయన ఉండగా అడిగివుంటే ఒక పెట్టెకు ఎన్ని మూటలు పట్టేవో చెప్పేవాడు. అడగలేదు.

ఆ సాయంత్రం జిరాఫీ అట్ట విప్పాను. ఇంజను లేదు. నాలుగు పట్టా ముక్కలు బల్ల మీద వేసి చేత్తోనే తోయమన్నాను. జిరాఫీ తల టక్కున వంగింది. వాడు నవ్వాడు, మళ్ళీ తోశాడు. ముప్ఫైసార్లకు తక్కువ కాదు. అట్టపెట్టె ఆ హడావుడిలో చిరిగిపోయింది.

మరుసటి రోజు నుంచి ఇద్దరం కలిసి పనిలో పడ్డాం. బొమ్మ రైళ్ళలో 45 మిల్లీమీటర్ల పట్టా ఒకటి ఉంది. అసలు మీటరుకు 1,000 మిల్లీమీటర్లు. భాగిస్తే సుమారు 22. అనగా అసలు పెట్టెను ఇరవైరెండో వంతుకు తగ్గిస్తే ఆ పట్టా మీద నిలబడుతుంది. లెక్క వాడే చేశాడు. చెక్కపని నేను చేశాను. కొలతల కోసం రైల్వేలో పనిచేసి రిటైరయిన ఒక పెద్దాయనను, కదిరిలో మండీలో హమాలీగా చేసిన ఇంకో ముసలాయనను వెదికి పట్టుకున్నాం. తలుపు ఎటు జరుగుతుందో ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. ఇంకా తేలలేదు. లోపల పెట్టడానికి మా చెల్లెలు గోనెగుడ్డతో బొటనవేలంత మూటలు కుట్టి ఇచ్చింది.

కోవెన్ గొప్ప శాస్త్రవేత్త కాడు. గొప్ప త్యాగి అంతకన్నా కాడు. కథలు పెంచి చెప్పాడు, పోటీదార్లను ఎత్తిపొడిచాడు, ఆడపిల్లలను చాలాకాలం మరిచిపోయాడు. కానీ ఆయనకు ఒక విషయం మొదటిరోజే తెలిసింది. అద్దం వెనుక కదలకుండా ఉన్నదాన్ని ఎవరూ చూడరు. ఆయన చేసిన పెట్టెలు నేలమీద బోర్లా పడుకున్న పిల్లవాడి చేతిలో తిరగడానికి చేసినవి. వాటిని అల్మైరాలో తాళం వేసి పెట్టింది మాలాంటివాళ్ళం.

మీ ఇళ్ళలోనూ మీ వూళ్ళలోనూ పోయే సరుకు ఏదో ఒకటి ఉంటుంది. అది రైలే కానక్కరలేదు. ఏతాము కావచ్చు, గానుగ కావచ్చు, మగ్గం కావచ్చు. అది ఎట్లా పనిచేసేదో చెప్పగల మనిషి ఉండగానే అడిగి, కొలిచి, చేతనైతే చిన్నది ఒకటి చేసిపెట్టండి. మీ ప్రాజెక్టు పనికి గూడా అక్కరకు వస్తుంది.

కాలేజి డే నాడు నా పదకొండు పెట్టెలూ ఫిజిక్సు లేబొరేటరీలో పెద్ద బల్ల మీద ఉంటాయి. అట్టలన్నీ విప్పేశాను. పక్కనే మా తనకల్లు పెట్టె, పన్నెండోది, వేరే పట్టాల మీద నిలబడి ఉంటుంది. తలుపు సంగతి మీలో ఎవరికైనా తెలిస్తే అప్పుడు చెప్పండి. ఎవరైనా తోయవచ్చు. జిరాఫీని కాస్త మెల్లగా తోయండి, దాని మెడ ఇప్పటికే కొంచెం వదులైంది.